బరువు తెలియని గీత

కుడి భుజం పట్టేసి ఆర్నెల్లయింది.
బోర్డు పై సగం నాకందని ఊరు.
సుద్దముక్కతో గీసే పరావలయాలన్నీ
ఎడమవైపు చక్కగా దిగి
కుడివైపు ఎక్కలేక ఆయాసపడేవి.

అందుకే ఈ ల్యాప్‌టాప్.
ఆఫీసు గదిలో జీతాల బిల్లులు, మధ్యాహ్న భోజనం లెక్కలు
మోసి మోసి, అరిగిపోయాక
పదో తరగతి బి సెక్షన్‌కి దయ చేసింది.
'ఎ' మీట ఊడిపోయింది.
కింద మిగిలిన రబ్బరు బొడిపెని
పెన్ను మూతతో పొడవాలి.
బ్యాటరీ ఎప్పుడో పోయింది.
గదికంతా ఒకటే ప్లగ్గు,
దాని పాత హక్కుదారు స్టాండు ఫ్యాను.

బెజవాడలో జులై.
క్రీస్తురాజపురం కొండరాళ్లు
పదింటికే పెనాల్లా కాగుతుంటాయి.
ఫ్యానా, ల్యాప్‌టాపా?
రోజూ చేతులెత్తిస్తాను.
ఇవాళ ఇరవై రెండు, పంతొమ్మిది.
ఓడినవాళ్లు నోటుపుస్తకాలతో విసురుకుంటూ కూర్చున్నారు.
గెలిచినవాళ్లూ అంతే.

పదిహేనంగుళాల తెర ముందు
నలభై ఒక్క తలలు.
చుక్కని పట్టుకుని పక్కకి లాగితే
'ఎ' విలువ తగ్గుతుంది, వక్రం విచ్చుకుంటుంది.
రెండు దగ్గర ఇరుకు గ్లాసు.
ఒకటి దగ్గర గిన్నె.
అర దగ్గర
"బూరెల మూకుడు మేడం!"
ఇంకా లాగండి, ఇంకా.
పళ్లెం. అట్లపెనం.
"సున్నా అయితే?"

కొండ మీద ఎవరింట్లోనో మిక్సీ ఆగింది.
తెర నల్లబడింది,
అందులో మా మొహాలే మాకు కనిపించాయి.

"గీతైపోద్ది," అన్నాడు ఇర్ఫాన్.
"అవదు," అంది ఎస్తేరు.
ఎస్తేరు వాళ్లిల్లు నూట నలభయ్యో మెట్టు దగ్గర.
బట్టలారేసే తాడు
ఒక కొస వాళ్ల నీళ్ల పైపుకి,
ఇంకో కొస సందు దాటి
వీరబ్రహ్మం వాళ్ల కిటికీ ఊచకి.
"ఎంత లాక్కట్టినా మధ్యలో దిగుద్ది మేడం.
తడి లుంగీ వెయ్యకముందే."

ఆటల బీరువాలోంచి లావుపాటి తాడు తెచ్చారు,
రెండు జట్లు కట్టి లాగే తాడు.
వరండాలో అటు ఐదుగురు, ఇటు ఐదుగురు.
తర్వాత ఎనిమిది. తర్వాత ఎంతమందో.
మెడల మీద నరాలు తేలాయి.
ఇర్ఫాన్ నేల మీద బోర్లా పడుకుని
ఒక కన్ను మూసి చూశాడు.
"ఇంకా వంగే ఉంది.
లాగండ్రా!"
డ్రిల్లు మాస్టారు కిటికీలోంచి తొంగి
"ఇది మీ పీరియడా, నాదా?" అన్నారు.
తాడు నడుం మాత్రం
వెంట్రుకవాసి వంపు వదల్లేదు.

కరెంటొచ్చింది.
పెన్ను మూతతో 'ఎ' పొడిచి
పక్కన సున్నా పెట్టాను.
ఇస్త్రీ చేసినట్టు గీత,
ఈ అంచు నుంచి ఆ అంచుకి.
ఇర్ఫాన్ బల్ల గుద్దాడు.
ఎస్తేరు చాలాసేపు చూసి
"దానికి బరువు తెలీదు కదా మేడం,"
అంది, ఓడిపోయిన గొంతుతో కాదు.

ఇరవై మూడేళ్ల సర్వీసు నాది.
ఎన్ని వందల సార్లు సున్నా పెట్టానో
ఎన్ని వేల బట్టలారేశానో
రెండూ ఒక్క చోటికి రాలేదు ఎప్పుడూ.

సున్నా అయితే గీతే, పరీక్షలో అలాగే రాయండన్నాను.
తాడు వంపు అసలు పరావలయమే కాదన్నాను.
చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ
దానికి వేరే పేరుంది, వేరే సమీకరణం ఉంది,
మీ పుస్తకంలో లేదు.
"మరి ఎందులో ఉంది?"

వెతుకుదామని ఏదో నొక్కాను.
అప్‌డేట్ మొదలైంది.
మూడు శాతం.
ప్లగ్గు తీయకూడదట.
గంట కొట్టారు, తాడు చుట్ట చుట్టారు,
చెమటలు తుడుచుకుంటూ అందరూ కదిలారు.
నాలుగు శాతం.
ఎస్తేరు అక్కడే నిలబడి ఉంది.